దిద్దిన దరువు – కంప్యూటరు పాటలో మన గొంతెక్కడ?

'కంప్యూటరు వచ్చినంక పాటలో ప్రాణం పోయింది' అనే మాట ఈ మధ్య సభల్లో, పుస్తకాల ముందుమాటల్లో, సినిమావాళ్ల ముచ్చట్లలో తరచుగా వినబడుతున్నది. వెనకట వాద్యగాళ్లంతా ఒక్కచోట కూసోని వాయించేవారట, పాటలో ఆవేశం ఉండేదట, ఇప్పుడు ఒక్కడే గదిలో కూసోని మౌసుతో పాట అల్లుతున్నాడట. ఈ విచారం నిజమైనదే కావచ్చు. అయితే ఈ విచారానికి ఒక కులం ఉన్నది. ఏ ప్రాణం పోయిందని వీళ్లు బాధపడుతున్నారో ఆ ప్రాణం లెక్కలో డప్పు ఎన్నడన్నా ఉన్నదా? జమిడిక ఉన్నదా? కిన్నెర ఉన్నదా? కచేరీ వేదిక మీదికి రానియ్యని చర్మవాద్యం గురించి నిన్నటిదాక ఒక్క మాట మాట్లాడనోళ్లు, ఇయ్యాల యంత్రం మీద తీర్పులు చెప్పడాన్ని మేము అనుమానంగానే చూస్తున్నాం.

దీనికి ఎదురుగా ఇంకో వాదన ఉన్నది. యంత్రానికి కులం లేదు, లాప్‌టాప్ ముందు అందరూ సమానమే, నేర్చుకున్నోడిదే రాజ్యం అనేది ఆ వాదన. మన పిల్లల్లో చాలామంది దీన్ని నమ్ముతున్నారు. మేము దీన్నీ ఒప్పుకోలేం. ఈ రెండు వాదనల నడుమ ఒక ప్రశ్న ఎవరూ అడగకుండా మిగిలిపోతున్నది: కంప్యూటరు మీద పాట చేసేటప్పుడు మన ఆవేశం, మన దుఃఖం ఎక్కడ నిలుస్తున్నాయి, ఎక్కడ జారిపోతున్నాయి? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో తయారవుతున్న పాటను ముందర పెట్టుకొని ఈ ప్రశ్నను చర్చించాలనుకుంటున్నాం. మా ఇండ్లల్లో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి తరం మాది. డప్పు విన్న చెవులతోనే ఈ పాటలూ వింటున్నాం. మా చెవికి తటస్థత ఉన్నదని మేము చెప్పుకోవడం లేదు.

మూడు పట్టణాలు, ఒక గది

హైదరాబాదు – విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద సూర్యాపేట, కోదాడ ఉన్నాయి. బీబీనగర్ – గుంటూరు రైలు మార్గం మీద మిర్యాలగూడ ఉన్నది. సాగర్ ఎడమ కాల్వ నీళ్లతో వరి వచ్చింది, వరి వెంట రైసుమిల్లులు వచ్చాయి, మిల్లుల వెంట పైసలు వచ్చాయి. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా అయింది, కోదాడ అందులో చేరింది, మిర్యాలగూడ నల్లగొండలోనే మిగిలింది. పాటకు మాత్రం ఈ హద్దు లేదు. రెండేండ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద జరిగే లింగమంతుల జాతరకు పాట కావాలె. జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు కావాలె. బతుకమ్మకు, పెండ్లి బరాతుకు, ఎలక్షన్‌కు, ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతికి కావాలె. ఈ అవసరాలన్నీ ఇప్పుడు ఒక చిన్న కిరాయి గదికి వచ్చి చేరుతున్నాయి. గోడలకు స్పాంజి, బల్ల మీద కంప్యూటరు, పక్కన కీబోర్డు, ఒక మైకు, చెవులకు హెడ్‌ఫోన్లు. స్టూడియో అంటే ఇంతే.

ఆ గదిలో కూసున్నది ఎవరు? ఈ సంగతిని మన విమర్శకులు పట్టించుకోలేదు. ఎక్కువమంది మన వాడల పిల్లలే. కర్ణాటక సంగీత పాఠశాల గడప వీళ్లు తొక్కలేదు, తొక్కనిచ్చేవారూ లేరు. బ్యాండుమేళంలో ప్యాడు వాయించి తాళం నేర్చుకున్నరు. మాల మాదిగ వాడల చర్చిల్లో ఆదివారం ఆరాధనకు కీబోర్డు పట్టి శ్రుతి నేర్చుకున్నరు. మనకు సంగీత కళాశాల లేని కాలంలో చర్చి ఆ పని చేసింది. తర్వాత ఫోనులో వీడియోలు చూసి క్యూబేసూ ఎఫ్.ఎల్. స్టూడియో నేర్చుకున్నరు. గురువు కాళ్లు మొక్కకుండా, కులం చెప్పకుండా, సంగీతం చేతికి వచ్చిన మొదటి తరం ఇది. ఈ విముక్తిని చూడకుండా 'ప్రాణం పోయింది' అనేటోళ్లతో మాకు పేచీ ఉన్నది.

యంత్రం అమాయకమైనది కాదు

అట్లాగని యంత్రం అమాయకమైనదీ కాదు. 1983లో మిడి అనే ఒప్పందం వచ్చింది. వాయిద్యం కంప్యూటరుతో మాట్లాడే భాష అది. దెబ్బ ఎంత గట్టిగా పడ్డదో 1 నుంచి 127 దాకా అంకెల్లో చెప్తుంది. 1991లో జనరల్ మిడి అని ఒక జాబితా తయారైంది. ఏ కంపెనీ కీబోర్డు కొన్నా అదే నంబరుకు అదే వాయిద్యం పలకాలన్నది దాని ఉద్దేశం. అందులో 128 స్వరాలున్నాయి. సితారుకు 105వ నంబరు దొరికింది, షెహనాయికి 112వ నంబరు దొరికింది. తాళవాద్యాలకు వేరే జాబితా, మొత్తం 47. బొంగో ఉన్నది, కొంగా ఉన్నది, బ్రెజిల్ క్వీకా ఉన్నది, విజిల్ కూడా ఉన్నది. డప్పు లేదు. ప్రపంచ సంగీతానికి హాజరు పట్టీ రాసినప్పుడు మన పేరు పిలవలేదన్నమాట. బడిలో వెనక వరుసలో కూసున్నోళ్లకు ఇది కొత్త అనుభవం కాదు.

రెండోది, దిద్దుడు. క్వాంటైజ్ అనే మీట ఉన్నది. ఒక ఆవర్తాన్ని పదహారు గళ్లుగా కోసి, గడికి కొంచెం ముందో వెనకో పడిన దెబ్బను గుంజి గడిలో కూసోబెడుతుంది. దరువు 'శుభ్రం' అయితది. డప్పు తెలిసినోళ్లకు ఇక్కడ జరుగుతున్నదేందో చెప్పనక్కరలేదు. కుడిచేతి సిర్ర మోటుదెబ్బ కొడితే, ఎడమచేతి చిటికెన పుల్ల దాని వెనకనుంచి అందుకుంటది. ఆ రెండు పుల్లల నడుమ ఉండే వెంట్రుకవాసి ఎడమే నడక. ఆ ఎడమే జనం కాళ్లను లేపేది. యంత్రం దాన్ని తప్పుగా లెక్కగట్టి తుడిచేస్తుంది.

మూడోది, గొంతు. 1997లో ఆటోట్యూన్ వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూమి లోపల చమురు ఎక్కడున్నదో ధ్వని తరంగాలతో కనిపెట్టే పని చేసినవాడు. గొంతు పన్నెండు స్వరస్థానాల్లో దేనికి దగ్గరగా ఉన్నదో చూసి, అక్కడికి ఈడుస్తుంది ఆ యంత్రం. మా అమ్మల గొంతు ఆ పన్నెండు మెట్ల మీద ఎన్నడూ సరిగ్గా నిలబడలేదు. నాట్లు వేస్తూ వంగి పాడే గొంతు, సావుకాడ రాగం తీసే గొంతు మెట్ల నడుమనే తిరుగుతుంది. దుఃఖం ఉండేది ఆ నడిమి జాగలోనే.

ఈ మూడు దిద్దుళ్లూ మనకు తెలిసినవే. అచ్చుతెలుగు మన మాటను దిద్దినట్టే ఈ యంత్రం మన దరువును దిద్దుతున్నది. 'తప్పు' అని ఎర్ర సిరా పెట్టిన చెయ్యే ఇక్కడ మీటగా మారింది. నల్లగొండ జిల్లా నుంచి వేముల ఎల్లయ్య 2000లో 'కక్క' నవల తెచ్చినప్పుడు మాదిగ వాడ మాటను శిష్టభాష గళ్లలోకి గుంజలేదు. వాడ ఎట్ల మాట్లాడుతదో అట్లనే అచ్చులో పెట్టిండు. చదవడం కష్టమన్నారు కొందరు. కష్టపడి చదవండని చెప్పింది నవల. మన పాటకు అటువంటి ధైర్యం స్టూడియోలో ఇంకా రావలసి ఉన్నది.

తోలులో ప్రాణం లేదు

అయితే డప్పును పవిత్రం చేసి కంప్యూటరును అపవిత్రం చేస్తే మనం కూడా అంటు పాటించినట్టే అయితది. డప్పు చరిత్ర ఏమంత తీయనిది కాదు. అది వెట్టి. సావుకు కొట్టాలె, చాటింపుకు కొట్టాలె, దొర ఇంటి పెండ్లికి కొట్టాలె, గడప బయట నిలబడి కొట్టాలె, ఆఖరికి మిగిలిన కూడు తీసుకపోవాలె. డప్పును కింద పడేసి 'ఇగ కొట్టం' అన్న మన తాతలు కళకు ద్రోహం చేయలేదు. వాళ్లు ఆత్మగౌరవాన్ని ఎత్తుకున్నారు. అందుకే డప్పు మానేసి లాప్‌టాప్ పట్టిన పిల్లగాణ్ణి చూసి 'సంప్రదాయం పోతున్నది' అని ఏడ్చే సంస్కృతీ ప్రేమికులకు మేము ఒకటే చెప్తాం: ఆ సంప్రదాయం మీ పిల్లలతో కొట్టించండి.

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. అదే తోలు, అదే పలక, అవే రెండు పుల్లలు. కానీ దొర గడప ముందు మోగిన దరువు వేరు, ఊరేగింపు ముందు నడిచిన దరువు వేరు. కొట్టిన మనిషి ఒక్కడే కావచ్చు. ఎవరికోసం, ఎవరితో కలిసి కొడుతున్నాడన్నది మారింది. ముప్పై ఏండ్లు ఆ దరువు ఆగలేదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందన్నది, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో వర్గీకరణ చట్టం అమలులోకి వచ్చింది. పాట, డప్పు లేకుండా ఆ పోరాటాన్ని ఊహించలేం.

దీన్నిబట్టి మేము చెప్పదలచుకున్నది ఇది. ప్రేరణ తోలులో ఉండదు, సిలికానులో ఉండదు. పాడేవాడికీ వినేవాడికీ నడుమ ఉండే సంబంధంలో ఉంటుంది. కాబట్టి 'కంప్యూటరులో భావోద్వేగం ఉంటుందా' అనేది తప్పు ప్రశ్న. కంప్యూటరు మీద పాట చేసే పద్ధతి ఆ సంబంధాన్ని ఉంచుతున్నదా, తెంపుతున్నదా అని అడగాలె.

అందేశ్రీని చూడండి. బడి చదువు లేని మనిషి కట్టిన పాట ఉద్యమ సభల్లో ఏండ్ల తరబడి ఏ వాద్యమూ లేకుండా నోటినుంచి నోటికి నడిచింది. 2024లో అది రాష్ట్రగీతమైంది, కీరవాణి సంగీతంతో రికార్డయింది. సంగీతం ఎవరు చేయాలన్న దాని మీద పెద్ద వాదమే జరిగింది. 2025 నవంబరులో అందేశ్రీ చనిపోయిండు. ఆ పాటకు ప్రాణం స్టూడియో ఇయ్యలేదు, స్టూడియో తియ్యనూ లేదు. అంతకుముందే వేలమంది గొంతుల్లో అది బతికి ఉన్నది కాబట్టి తట్టుకున్నది. స్టూడియోలోనే పుట్టి, స్టూడియో దాటి ఒక్క వాడలో కూడా పాడబడని పాట సంగతేంది?

ఎక్కడ తెగుతున్నది

ఈ మూడు పట్టణాల్లో పాట తయారయ్యే క్రమాన్ని గమనిస్తే తెగే చోట్లు కనబడతాయి. మొదట లూపు వస్తుంది. అంటే దరువు ముందే ఉంటుంది, నిమిషానికి ఇన్ని దెబ్బలని వేగం ముందే తేలిపోతుంది. దాని మీద కీబోర్డు పడుతుంది. రాసినాయన మాటలు దానికి సరిపడా కోసుకుంటాడు. చివరికి పాడేటామె వచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకొని, గాజుపలక అవతల ఒక్కతే నిలబడి, ఒక్కో చరణం ముక్కముక్కలుగా పాడి పోతుంది. మన పాటలో వంత ఉన్నది. ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకుంటరు. ఆ పదిమంది అందుకునే తీరును బట్టి ఎత్తుకున్నామె వేగం పెంచుతది, మాట మారుస్తది, కొత్త చరణం కడుతది. ఇక్కడ వంత కూడా ఆమెదే, నాలుగుసార్లు పాడించి ఒకదాని మీద ఒకటి పరుస్తారు. ఎదురు పలికేవారు లేని పాటకు ఆవేశం ఎక్కడినుంచి రావాలె?

ఇంకో సంగతి. పాడేది ఆడోళ్లు, దిద్దేది మగోళ్లు. ఈ గదుల్లో బల్ల ముందు కూసున్న ఆడపిల్ల మాకు అరుదుగా కూడా కనబడలేదు. గొంతు సన్నగా, తీయగా ఉండాలని, పల్లె పడుచు అంటే ఇట్లనే నవ్వాలని, మీట మీద చెయ్యి ఉన్నోడు నిర్ణయిస్తున్నాడు. దళిత స్త్రీ కోపంతో పాడిన గొంతును కూడా తీపిచేసి బయటికి పంపుతున్నారు. దీన్ని యంత్రం మీదికి నెట్టలేం. ఇది మన మగతనం చేస్తున్న దిద్దుడు.

ఏప్రిల్ 14 పాటలను వరుసపెట్టి వినండి. బరాతు పాటలో వాడిన లూపే, అదే కీబోర్డు కేక, నడుమ బాబాసాహెబ్ పేరు. పేరు తీసేసి ఏ నాయకుని పేరు పెట్టినా పాట ఆగదు. పోల్చి చూడటానికి దుఃఖం పాటలూ వినండి. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో పెరుమాళ్ల ప్రణయ్‌ని కులం కోసం చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, మిగిలినవారికి యావజ్జీవం వేసింది. ఆ హత్య మీద వచ్చిన పాటల్లో మేము విన్నవి చాలావరకు ఒకే అచ్చులో ఉన్నాయి: వేణువు, గుహలో పాడినట్టు ప్రతిధ్వని, ప్రేమ ఓడిపోయిందన్న నిట్టూర్పు. కులం పేరు ఎత్తే చోటికి వచ్చేసరికి సంగీతం మెత్తబడుతుంది. దుఃఖాన్ని రెడీమేడ్‌గా కొనుక్కుంటే అది జాలిగా మారుతుంది. జాలి మన దుఃఖం కాదు, మనల్ని చూసేవారి దుఃఖం.

సినిమా కూడా మనకు రెండు పాఠాలు చెప్తున్నది. 2021లో 'భీమ్లా నాయక్' పాటకు దర్శనం మొగిలయ్య కిన్నెరతో ఎత్తుకున్నడు, ఆ తర్వాత పాటంతా వేరేవాళ్ల చేతికి పోయింది. తలుపు తీసేదాక మన గొంతు, లోపల పీట మీద ఇంకొకరు. 2023లో 'బలగం' చివరి పాటను బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ పాడారు. అక్కడ జీర, ఊపిరి, ఏడుపులో సాగే మాట దిద్దకుండా ఉంచారు. థియేటర్లలో, ఊళ్లలో తెరలు కట్టి చూసిన చోట జనం వెక్కి ఏడ్చారు. రెండు పాటలూ కంప్యూటరు గుండానే బయటికొచ్చాయి. తేడా యంత్రంలో లేదు, గొంతుకు ఇచ్చిన జాగలో ఉన్నది.

నల్లవాళ్లు ఏం చేసిండ్రు

యంత్రాన్ని లొంగదీసుకున్న చరిత్ర ఒకటి మన ముందర ఉన్నది. 1980లో రోలాండ్ కంపెనీ 808 అనే తాళయంత్రం తెచ్చింది. అసలు డ్రమ్ములా మోగడం లేదని సంగీతకారులు మొహం తిప్పుకున్నారు, 1983లో తయారీ ఆగిపోయింది. పాత సామాన్ల ధరకు దొరికిన ఆ యంత్రాన్ని అమెరికా నల్లజాతి యువకులు ఎత్తుకొని దాని మీదనే హిప్‌హాప్ కట్టారు. డెట్రాయిట్‌కు చెందిన జె. డిల్లా, 2006లో 32 ఏండ్లకే చనిపోయిండు, దిద్దే మీటను పక్కనపెట్టి వేళ్లతోనే దరువు వాయించిండు. యంత్రంలోనే నడక తెచ్చిండు. యంత్రం వద్దనలేదు వాళ్లు. యంత్రం చెప్పిన 'సరి'ని వద్దన్నారు.

ఆ పని మన దగ్గర కూడా జరగాలె. కొన్ని మాటలు నేరుగా చెప్తాం. గొంతు ముందు, లూపు తర్వాత. పాడేటామెను తాళం మీట లేకుండా పాడనియ్యండి, ఆమె వేగం ఎక్కడ పెరిగిందో ఎక్కడ తగ్గిందో చూసి కంప్యూటరు వేగాన్ని దానికి కట్టండి. సాఫ్ట్‌వేర్‌లో ఆ వీలు ఉన్నది, వాడుకోవడమే లేదు. కొన్న శాంపిల్‌తో డప్పు కొట్టకండి. డప్పును మంట మీద కాపి, ఆరుబయట, కాక ఎక్కినప్పుడూ దిగినప్పుడూ వేరువేరుగా రికార్డు చేయండి. ఒక్క దెబ్బను వెయ్యిసార్లు అతికిస్తే అది డప్పు కాదు, ఏ రెండు దెబ్బలూ ఒకటి కావు. వంతకు అయిదుగురిని ఒక్క మైకు చుట్టూ నిలబెట్టండి, గొంతులు కలవకపోతే కలవకపోనియ్యండి. రాసిన పాటను స్టూడియోకు పోకముందు ఒకసారి వాడలో పాడండి. అక్కడ ఎవరూ అందుకోని చరణాన్ని కొట్టేయండి. ఈ పనులకు పెద్ద ఖర్చు లేదు, టైము కావాలె, అంతే.

పేరు సంగతి కూడా ఉన్నది. వాడ డప్పుగాణ్ణి పిలిచి ఒక పూట రికార్డు చేసి, కూలి ఇచ్చి పంపి, ఆ దరువును వంద పాటల్లో వాడుకుంటే అది కొత్త వెట్టి. 1994లోనే కాపీరైటు చట్టంలో ప్రదర్శించేవారి హక్కు చేరింది, 2012 సవరణ దాన్ని ఇంకా గట్టిపరిచింది. 'జానపదం, సేకరణ' అని రాసుకొని పాటను సొంతం చేసుకుంటున్నవారు ఈ చట్టాన్ని చదవరు. మనోళ్లు స్టూడియో పెట్టినా ఇదే జరిగితే, మనోళ్లనే నిలదీయాలె.

ఈ ప్రశ్న ఇప్పుడు ఇంకా తొందరపెడుతున్నది. 2023, 2024 నుంచి సునో, ఉడియో వంటివి వచ్చినయి. నాలుగు మాటలు టైపు చేస్తే గొంతుతో సహా పాట చేతిలో పెడుతున్నాయి. తమ పాటలు మింగి ఇవి బలిసినయని పెద్ద రికార్డింగు కంపెనీలు 2024 జూన్‌లో అమెరికా కోర్టులకు పోయాయి. వాళ్లకు వకీళ్లున్నారు. 'తెలంగాణ జానపదం' అని టైపు చేసినప్పుడు వచ్చే ఆ గొంతు ఏ అమ్మల గొంతుల నుంచి పిండినదో చెప్పమని అడగటానికి మన వాడలకు ఎవరున్నారు? పాడేటామె లేకుండానే పాట వస్తున్నప్పుడు, గాజుపలక అవతల ఉన్న ఆ ఒక్క గొంతు కూడా పోతది. వంతను ముందు పోగొట్టుకున్నాం కాబట్టి ఇది మనకు పెద్ద మార్పుగా అనిపించకపోవచ్చు, భయం ఏందంటే అదే.

విమర్శ చేయవలసిన పని

దళిత సాహిత్య విమర్శ కవిత్వాన్ని, కథను, నవలను పట్టించుకున్నంతగా పాటను పట్టించుకోలేదు. పాట గురించి రాసినా మాటల గురించే రాశాం. 2023 ఆగస్టు 6న గద్దర్ చనిపోయినప్పుడు వచ్చిన వందల వ్యాసాల్లో ఆయన గొంతు ఎట్ల ఆగేది, ఎట్ల లేచేది, డప్పు దానికి ఎక్కడ తావిచ్చేది అని వివరించినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ధ్వనిని చదవడం మనం నేర్చుకోలేదు. అందుకే స్టూడియో ఏం తీసేస్తున్నదో చెప్పగలిగే మాటలు మన దగ్గర లేవు, 'ప్రాణం పోయింది' అనే అగ్రవర్ణ మాటనే మళ్లీ వాడుతున్నాం.

ఆ మాటలు తయారుచేయడం పరిశోధక విద్యార్థుల పని. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టూ ఉన్న వాడల్లో పెండ్లికి ఏ దెబ్బ, సావుకు ఏ దెబ్బ, జాతరకు ఏ దెబ్బ అని, కొట్టిన మనిషి పేరుతో, ఊరు పేరుతో, ఒప్పుకోలుతో రికార్డు చేసి దాచాలె. అది మ్యూజియంలో పెట్టడానికి కాదు. ఆ కిరాయి గదిలో కూసున్న మన పిల్లగాడికి, రేపు ఆ బల్ల ముందు కూసోవలసిన మన పిల్లకు ఇవ్వటానికి. కొన్న లూపుకు బదులు తమ వాడ దరువు వాళ్ల చేతికి అందితే, వాళ్లు దాన్ని దిద్దుతారా, దిద్దకుండా ఉంచుతారా, ఇంకేదైనా చేస్తారా అన్నది వాళ్ల ఇష్టం. ముందుగాలైతే అందాలె కదా.